సిరి నివేదికలో ‘క్లియర్’ అన్న మాట

మా సిరి బీగిల్ జాతి ఆడకుక్క. దానికి ఏడాది నిండకముందే బుగ్గ లోపలి నుంచి నమూనా తీసి, వంశపారంపర్య వ్యాధుల జన్యుపరీక్షకు పంపించాను. కొన్ని వారాల తరువాత వచ్చిన నివేదికలో చాలా వ్యాధుల పేర్లు వరుసగా ఉన్నాయి. వాటిలో థైరాయిడ్ ప్రస్తావన ఉన్న వరుసకు ఎదురుగా ‘క్లియర్’ అని ఆకుపచ్చ రంగులో ముద్రించి ఉంది. ఆ కాగితాన్ని టీకాల పుస్తకంతో పాటు ఫైలులో భద్రపరచి, థైరాయిడ్ విషయంలో ఇక బెంగ లేదని స్థిమితపడ్డాను.

ఐదో ఏడు దాటిన తరువాత సిరి తీరు మారింది. తిండి పెంచకపోయినా బరువు పెరుగుతూ వచ్చింది. మెడపట్టీ చేతిలోకి తీసుకున్న చప్పుడుకే గుమ్మం దగ్గరికి ఉరికే కుక్క, పేరు పెట్టి రెండు మూడు సార్లు పిలిస్తే గానీ తల ఎత్తని స్థితికి వచ్చింది. ఎండ పడే చోటు వెతుక్కుని గంటల తరబడి అక్కడే పడుకునేది. తోక చివరి సగంలో వెంట్రుకలు రాలిపోయి నల్లబడిన చర్మం బయటపడింది. రెండు వైపులా పక్కటెముకల మీద బొచ్చు ఒకే తీరుగా పలచబడింది, కానీ అది గోక్కోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. కనురెప్పలు వాలి, ముఖం ఉబ్బి, ఎప్పుడూ దిగులుగా ఉన్నట్టు కనిపించేది. థైరాయిడ్ ఏమో చూపించమని ఇంట్లో వాళ్ళు అన్నప్పుడల్లా నేను ఫైలు తెరిచి ఆ ఆకుపచ్చ మాట చూపించేవాణ్ణి. అలా దాదాపు పది నెలలు గడిచిపోయాయి. చివరికి పశువైద్యురాలు రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ తయారు చేసే థైరాక్సిన్ హార్మోన్, అంటే టీ4, ఉండవలసిన దాని కంటే చాలా తక్కువగా ఉంది; థైరాయిడ్‌ను పని చేయించడానికి మెదడు కింది పీయూష గ్రంథి నుంచి వచ్చే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ పెరిగి ఉంది; థైరాయిడ్‌లోని థైరోగ్లోబులిన్ అనే ప్రోటీన్ మీద దాడి చేసే యాంటీబాడీలు కూడా కనిపించాయి.

నా చేతిలో ఉన్న జన్యు నివేదిక తప్పు కాదు. అది వేరే ప్రశ్నకు ఇచ్చిన సరైన జవాబు. కుక్కలకు వంశపారంపర్యంగా వచ్చే థైరాయిడ్ లోపాలు ఒకటి కాదని, వాటిలో కొన్నింటిని మాత్రమే జన్యుపరీక్ష నిర్ధారించగలదని నాకు అప్పటికి తెలియదు. ఆ తెలియకపోవడం వల్ల సిరి పది నెలలు కష్టపడింది. కుక్కను పెంచే మరొకరు నాలాగే పొరబడకూడదని ఈ విషయాన్ని వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ నివేదిక దేన్ని పరీక్షించిందో చెప్పాలి. థైరాయిడ్ గ్రంథి కుక్క మెడలో శ్వాసనాళానికి రెండు వైపులా రెండు తమ్మెలుగా ఉంటుంది. అది రక్తంలోని అయోడైడ్‌ను లోపలికి లాక్కుని, థైరోగ్లోబులిన్ అనే పెద్ద ప్రోటీన్‌కు అతికించి, దాని నుంచి టీ4, టీ3 హార్మోన్లను తయారు చేస్తుంది. ఇలా అతికించే పని చేసే ఎంజైమ్ పేరు థైరాయిడ్ పెరాక్సిడేజ్. దాన్ని తయారు చేయించే జన్యువును టీపీఓ అంటారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే ఆ జన్యువు రెండు ప్రతుల్లోనూ చెడిపోయి పుట్టిన కుక్కపిల్లలో అయోడిన్ గ్రంథి దాకా చేరుతుంది గానీ హార్మోన్‌గా మారదు. రక్తంలో హార్మోన్ లేదని గమనించిన పీయూష గ్రంథి, ఇంకా పని చేయమని టీఎస్‌హెచ్‌ను అదే పనిగా పంపుతూ ఉంటుంది. ఆ ఒత్తిడికి థైరాయిడ్ ఉబ్బి మెడలో గడ్డలా కనిపిస్తుంది. దీనినే వైద్యులు గళగండంతో కూడిన పుట్టుక థైరాయిడ్ లోపం అంటారు.

టాయ్ ఫాక్స్ టెర్రియర్ కుక్కలలో ఈ వ్యాధికి కారణమైన మార్పును శాస్త్రవేత్తలు 2003లో వెల్లడించారు. టీపీఓ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల, ప్రోటీన్ తయారీ మధ్యలోనే ఆగిపొమ్మనే సంకేతం అక్కడ ఏర్పడుతుంది. సగంలో తెగిపోయిన ఆ ప్రోటీన్ ఏ పనికీ రాదు. రాట్ టెర్రియర్ జాతిలోనూ ఇదే మార్పు ఉంది. ఈ రెండు జాతులకు వంశ సంబంధం ఉండడమే అందుకు కారణం.

వ్యాధి ఉన్న పిల్లను నేను ఒకసారి దగ్గరగా చూశాను. టాయ్ ఫాక్స్ టెర్రియర్లను పెంచే నా స్నేహితురాలి ఇంట్లో ఒక ఈతలో నాలుగు పిల్లలు పుట్టాయి. పుట్టినప్పుడు నాలుగూ ఒకేలా ఉన్నాయట. నేను వెళ్ళిన నాటికి వాటికి మూడు వారాలు. మూడు పిల్లలు తూలుతూ పెట్టె అంతా తిరుగుతుంటే, నాలుగోది ఒక మూల గుడ్డ మీద పొట్ట ఆనించి పడుకుని ఉంది. దాని బరువు తక్కిన వాటిలో సగం కూడా లేదు. మామూలుగా కుక్కపిల్లలు పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య కళ్ళు తెరుస్తాయి. దాని కళ్ళు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. ఆ జాతికి నునుపుగా, ఒంటికి అంటుకుని ఉండే బొచ్చు సహజం. దీనికి మాత్రం నూగులా మెత్తగా లేచి ఉంది. తల వెడల్పుగా, కాళ్ళు పొట్టిగా, నాలుక నోటికి మించినట్టుగా ఉంది. దాన్ని అరచేతిలోకి తీసుకుని గొంతు కింద వేళ్ళు ఆనిస్తే, శ్వాసనాళానికి అటూ ఇటూ రెండు మెత్తటి ఉబ్బులు తగిలాయి. మిగతా పిల్లల్లో అక్కడ ఏమీ చేతికి తగలలేదు. ఆ తేడాను వేళ్ళతో తెలుసుకున్న క్షణం నాకు ఇప్పటికీ గుర్తు.

వైద్యులు రక్తపరీక్షతో లోపాన్ని నిర్ధారించి, లెవోథైరాక్సిన్ అనే కృత్రిమ హార్మోన్‌ను మొదలుపెట్టారు. కొద్ది రోజుల్లోనే అది తక్కిన పిల్లలతో పాటు తిరగడం మొదలుపెట్టింది. ఈ మందు జీవితాంతం వేయాలి, పిల్ల పెరుగుతున్న కొద్దీ మోతాదును రక్తపరీక్షల ఆధారంగా సవరించాలి. ఎముకలు, మెదడు ఎదిగే మొదటి వారాలలో హార్మోన్ అందకపోతే జరిగిన నష్టం తరువాత పూర్తిగా పూడదు. అందుకే ఎంత తొందరగా కనిపెడితే అంత మేలు. చాలా పిల్లలు అసలు కనిపెట్టకముందే చనిపోతాయి. ఈతలో ఒకటి బలహీనంగా పుట్టి పోవడం మామూలే కదా అని యజమానులు సరిపెట్టుకుంటారు. అలా ఈ వ్యాధి పేరు లేకుండానే తరాలు దాటుతుంది.

ఆ తరువాత తల్లికీ తండ్రికీ జన్యుపరీక్ష చేయిస్తే రెండూ వాహకాలని, ఇప్పుడు అందరూ వాడే మాటలో క్యారియర్లని, తేలింది. ఈ వ్యాధి అంతర్గత లక్షణంగా సంక్రమిస్తుంది. రెండు ప్రతుల్లో ఒక్కటి మాత్రమే చెడిన కుక్క, రెండో మంచి ప్రతితోనే కావలసిన ఎంజైమ్‌ను తయారు చేసుకుని పూర్తి ఆరోగ్యంగా బతుకుతుంది. చూపులో గానీ, సాధారణ రక్తపరీక్షలో గానీ దాన్ని వేరు చేయలేము. అలాంటి రెండింటికి పుట్టే ప్రతి పిల్లకూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, వాహకం అయ్యే అవకాశం నాలుగింట రెండు, చెడిన ప్రతి అసలే లేకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. నా స్నేహితురాలిని ఎక్కువగా కలవరపెట్టిన లెక్క మరొకటి ఉంది. ఆరోగ్యంగా ఉన్న తక్కిన మూడు పిల్లల్లో ఒక్కొక్కటీ వాహకం అయ్యే అవకాశం సగం కాదు, మూడింట రెండు వంతులు. ఎందుకంటే వ్యాధి లేదని తేలిన పిల్లలను లెక్కలోకి తీసుకున్నప్పుడు, మిగిలిన మూడు అవకాశాలలో రెండు వాహకానివే. అంతకుముందు ఈతలో పుట్టి వేరే ఇళ్ళకు వెళ్ళిన పిల్లల యజమానులందరికీ ఆమె ఒక్కొక్కరికే ఫోన్ చేసి, పరీక్ష చేయించమని చెప్పింది. అందుకు ఎంత సంకోచం జయించాలో ఊహించగలను. ఆమె మీద నాకున్న గౌరవం అప్పుడు ఇంకా పెరిగింది.

నమూనా తీసే విధానం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. చిన్న బ్రష్ లాంటి పుల్లను కుక్క పెదవికీ చిగురుకూ మధ్య పెట్టి, బుగ్గ లోపలి పొర మీద తిప్పుతూ రుద్దాలి. కావలసింది లాలాజలం కాదు, బుగ్గ పొర నుంచి రాలే కణాలు. నమూనాకు ముందు కొంతసేపు కుక్కకు తిండి పెట్టకూడదు. పాలు తాగే వయసు పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే చనుమొనల నుంచి తల్లి కణాలు పిల్ల నోటిలో చేరి, పిల్ల పేరుతో తల్లి డీఎన్‌ఏ ప్రయోగశాలకు వెళ్ళే ప్రమాదం ఉంది. అందుకని పిల్లను తల్లికి, తోబుట్టువులకు కొంతసేపు దూరంగా ఉంచిన తరువాతే నమూనా తీస్తారు. తీసిన పుల్లను గాలికి ఆరనిచ్చి, కాగితపు కవరులో పెట్టాలి. తడితో ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూస్తే బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. ఒక పిల్ల నమూనా పూర్తయి, కవరు మీద పేరు రాసిన తరువాతే రెండో పిల్లను ముట్టుకోవాలి. నా స్నేహితురాలు ఒక్కో పిల్ల మెడకు ఒక్కో రంగు దారం కట్టి, అదే రంగు కలంతో కవరు మీద రాసింది. రక్తనమూనా అయితే ఈ సందేహాలు చాలావరకు ఉండవు.

వాహకాలను ఏం చేయాలన్న ప్రశ్న మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. పరీక్షలో వాహకం అని తేలిన ప్రతి కుక్కనూ సంతానం నుంచి తప్పించాలని కొందరు పట్టుబడతారు. అది న్యాయంగా కనిపిస్తుంది గానీ, సంఖ్య తక్కువగా ఉన్న జాతికి అపకారం చేస్తుంది. వాహకాన్ని, చెడిన ప్రతి లేదని పరీక్షలో తేలిన కుక్కతో జత కలిపితే పుట్టే పిల్లల్లో ఒక్కదానికీ ఈ వ్యాధి రాదు. సగటున సగం పిల్లలు వాహకాలవుతాయి, అంతే. ఆ పిల్లలనూ పరీక్షించి, మంచి గుణాలున్న వాటిలో చెడిన ప్రతి లేని వాటిని ఎంచుకుంటూ పోతే కొన్ని తరాలలో ఆ లోపం తగ్గిపోతుంది. అలా కాక మంచి గుండె, మంచి కీళ్ళు, నెమ్మదైన స్వభావం ఉన్న కుక్కలన్నిటినీ ఒక్క జన్యువు పేరిట పక్కన పెడితే, మిగిలిన కొద్ది కుక్కల మధ్యే సంతానం జరిగి, ఇంకా పేరు తెలియని లోపాలు పైకి వస్తాయి. చేయకూడనిది ఒక్కటే: పరీక్ష చేయించకుండా రెండు వాహకాలను జత కలపడం.

ఇక నేను పొరబడిన చోటికి వస్తాను. జన్యుపరీక్ష ఒక జన్యువును మొత్తంగా చదివి అది బాగుందని చెప్పదు. అంతకుముందు ఒక జాతిలో కనిపెట్టిన ఒక నిర్దిష్టమైన మార్పు ఈ కుక్కలో ఉందా లేదా అన్నంత మేరకే చూస్తుంది. టీపీఓ జన్యువే టెంటర్‌ఫీల్డ్ టెర్రియర్‌లో మరొక చోట చెడింది, స్పానిష్ వాటర్ డాగ్‌లో ఇంకొక చోట చెడింది, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లో జన్యు సమాచారాన్ని కత్తిరించి అతికించే స్థానంలో చెడింది. షీ ట్జూ జాతిలో టీపీఓ బాగానే ఉంటుంది. అక్కడ లోపం ఎస్‌ఎల్‌సీ5ఏ5 అనే వేరే జన్యువుది, దాని పని అయోడైడ్‌ను గ్రంథి లోపలికి చేర్చడం. బయటికి కనిపించే వ్యాధి దాదాపు ఒకటే, మెడలో గడ్డా ఒకటే, కారణాలు మాత్రం వేరు. కాబట్టి టాయ్ ఫాక్స్ టెర్రియర్ మార్పు కోసం చేసిన పరీక్షలో ఒక ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కు ‘క్లియర్’ అని వస్తే, ఆ బుల్‌డాగ్ గురించి మనకు తెలిసినది దాదాపు ఏమీ లేదు. అనేక వ్యాధులను ఒకేసారి చూసే ప్యానెల్ పరీక్షలు జాతితో నిమిత్తం లేకుండా అన్ని మార్పులనూ చూసి, అన్నిటికీ ఎదురుగా ఫలితం ముద్రిస్తాయి. మా సిరి నివేదికలో ఉన్నది టెర్రియర్ల మార్పు. బీగిల్‌లో ఆ మార్పు లేకపోవడంలో విశేషం ఏముంది?

మెడలో గడ్డ లేకుండానే థైరాయిడ్ హార్మోన్ లోపించే వంశపారంపర్య స్థితి ఒకటి జర్మన్ షెపర్డ్‌లలో ఉంది. అక్కడ థైరాయిడ్‌కు దోషం లేదు; ఎల్‌హెచ్‌ఎక్స్‌3 అనే జన్యువులో 7 బేస్ జతలు లోపించడం వల్ల పీయూష గ్రంథే సరిగా ఏర్పడదు. ఎదుగుదల హార్మోన్‌తో పాటు టీఎస్‌హెచ్ కూడా తక్కువై, థైరాయిడ్‌ను తట్టి లేపేవారు లేక అది నిద్రాణంగా ఉండిపోతుంది. ఆ పిల్లలు మరుగుజ్జులుగా, పిల్లబొచ్చుతోనే ఉండిపోతాయి. 2011లో ఈ మార్పు బయటపడింది, దానికీ పరీక్ష ఉంది, సార్లూస్, చెకోస్లొవాకియన్ వుల్ఫ్‌డాగ్ జాతులకు కూడా అది వర్తిస్తుంది, ఎందుకంటే ఆ జాతులను రూపొందించినప్పుడు జర్మన్ షెపర్డ్ రక్తం కలిసింది.

అయితే కుక్కలలో థైరాయిడ్ లోపం అని వైద్యుల దగ్గరికి వచ్చే వాటిలో అత్యధికం ఇవేవీ కావు. అవి మా సిరి లాంటివి: ఆరోగ్యంగా పుట్టి, ఆరోగ్యంగా పెరిగి, నడి వయసులో జబ్బు పడినవి. వాటిలో దాదాపు సగం కుక్కలకు సొంత రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేస్తుంది. లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలు గ్రంథిలోకి చేరి దాన్ని నెమ్మదిగా తినేస్తాయి. గ్రంథిలో నాలుగింట మూడు వంతులు పోయే వరకు బయటికి ఏమీ తెలియదు, మిగిలిన భాగమే బండి లాక్కొస్తుంది. తక్కిన సగంలో గ్రంథి కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది. అందులోనూ కొన్ని పాత దాడి తాలూకు ఆఖరి దశ కావచ్చని వైద్యుల అనుమానం.

ఇది వంశాలలో నడుస్తుందని అందరికీ తెలుసు. ఇంగ్లిష్ సెట్టర్, బీగిల్, డోబర్‌మన్, గోల్డెన్ రిట్రీవర్ జాతులలో ఇది ఎక్కువ. అయినా దీనికి ‘ఉంది, లేదు’ అని చెప్పే జన్యుపరీక్ష లేదు. రోగనిరోధక వ్యవస్థ తనవీ పరాయివీ గుర్తుపట్టడానికి వాడే డీఎల్‌ఏ జన్యువులలో ఒక రకం కూర్పు ఉన్న కుక్కలకు ముప్పు దాదాపు రెట్టింపు అని ఒక పరిశోధన చూపింది. గార్డన్ సెట్టర్, హోవావార్ట్, రొడీషియన్ రిడ్జ్‌బ్యాక్ జాతులలో 12వ క్రోమోజోమ్‌లోని ఒక ప్రాంతానికి సంబంధం ఉన్నట్టు మరొక పరిశోధనలో తేలింది. కానీ ఆ కూర్పు ఉండి కూడా జీవితాంతం ఆరోగ్యంగా ఉన్న కుక్కలు ఎన్నో, అది లేకుండానే జబ్బు పడినవీ ఎన్నో. ఒకే ఒక్క జన్యువు చెడితే వచ్చే జబ్బు కాదు ఇది. చాలా జన్యువులు తలా కొంత మోపు ఎత్తితే వచ్చేది.

అందువల్ల నడి వయసులో వచ్చే ఈ రకానికి ఆధారం రక్తపరీక్షే. అమెరికాలో కుక్కల వంశపారంపర్య వ్యాధుల వివరాలు నమోదు చేసే ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ సంస్థ, థైరాయిడ్ విషయంలో స్వేచ్ఛా టీ4 (రక్తంలోని ప్రోటీన్లకు అంటుకోకుండా ఉన్న టీ4), టీఎస్‌హెచ్, థైరోగ్లోబులిన్ యాంటీబాడీలు అనే మూడింటినీ కలిపి చూస్తుంది. ఒక్కసారి చేయించి ఊరుకోమని చెప్పదు. 1, 2, 3, 4, 6, 8 ఏళ్ళ వయసులలో మళ్ళీ మళ్ళీ చేయించమంటుంది. ఈ మూడింటిలో యాంటీబాడీల పరీక్షకు నేను ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే హార్మోన్ ఇంకా సరిగానే ఉన్న తొలి దశలోనే, గ్రంథి మీద దాడి మొదలైందని అది చెప్పగలదు. సంతానానికి వాడబోయే కుక్కలో అది ముందే తెలిస్తే ఎంత మేలో వేరే చెప్పనక్కరలేదు. పిల్లను కొనేవారు తల్లిదండ్రుల డీఎన్‌ఏ నివేదికతో పాటు ఈ రక్తపరీక్ష ఏ వయసులో చేయించారో తేదీతో సహా అడగాలి. ఏడాది వయసులో ఒకసారి చేసిన పరీక్ష, నాలుగో ఏట సంతానానికి దించుతున్న కుక్క గురించి పెద్దగా ఏమీ చెప్పదు.

రక్తపరీక్షను కూడా తొందరపడి చదవకూడదు. వేరే ఏ పెద్ద జబ్బు చేసినా టీ4 తగ్గుతుంది, థైరాయిడ్‌కు ఏమీ కాకపోయినా సరే. మూర్ఛకు వాడే ఫినోబార్బిటాల్, స్టెరాయిడ్లు, సల్ఫా మందులు దాన్ని తగ్గిస్తాయి. గ్రేహౌండ్, విప్పెట్, సలూకీ లాంటి వేటకుక్కలలో ఆరోగ్యంగా ఉన్నప్పుడే టీ4 తక్కువగా ఉంటుంది. ఒక్క టీ4 అంకె చూసి జీవితాంతం మాత్రలు మొదలుపెట్టడం, ఒక్క ‘క్లియర్’ మాట చూసి ధీమాగా కూర్చోవడం రెండూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలని ఇప్పుడు అనిపిస్తుంది.

సిరి ఇప్పుడు రోజుకు రెండు పూటలా లెవోథైరాక్సిన్ మాత్ర వేసుకుంటోంది. మొదలుపెట్టిన రెండో వారానికే పిలిస్తే లేచి రావడం మొదలుపెట్టింది. బొచ్చు రావడానికి మాత్రం నెలలు పట్టింది, తోక చివర ఇంకా కొంచెం పలచగానే ఉంది. జన్యు నివేదికను నేను పారేయలేదు. ‘క్లియర్’ అన్న మాట పక్కన, పరీక్షించిన జన్యువు పేరు, ఆ మార్పు ఏ జాతిలో దొరికిందో కలంతో రాసి పెట్టుకున్నాను. దాని కిందే గీత గీసి, రక్తపరీక్ష తేదీలు, మూడు అంకెలు ఒక్కొక్క వరుసగా రాస్తున్నాను. వచ్చే నెల మూడో వరుస రాయాలి.